రేవుకు ఎన్ని దారులు? కంటైనర్ రేవుల అనుసంధానాన్ని కొలిచే లెక్కల లోతుపాతులు

2024లో షాంఘై రేవు 5 కోట్లకు పైగా టీఈయూల కంటైనర్ రవాణాను నిర్వహించింది. అదే ఏడాది సింగపూర్ రేవు నిర్వహించినది సుమారు 4.1 కోట్ల టీఈయూలు. ఇరవై అడుగుల కంటైనర్‌ను ఒక టీఈయూగా, నలభై అడుగుల దాన్ని రెండుగా లెక్కిస్తారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి, షాంఘైకే ప్రపంచంతో ఎక్కువ సంబంధాలున్నాయని తేల్చేస్తే అది తొందరపాటే అవుతుంది. షాంఘైకి చేరే సరుకులో ఎక్కువ భాగం ఆ రేవు వెనుక ఉన్న యాంగ్జీ నదీ ప్రాంతపు కర్మాగారాల నుంచి వస్తుంది, లేదా ఆ ప్రాంతపు అవసరాల కోసం వస్తుంది. సింగపూర్‌లో కనిపించే కంటైనర్లలో ఐదింట నాలుగు వంతులకు పైగా ఆ దేశపు నేలతో సంబంధం లేనివి. ఒక నౌకలో వచ్చి, యార్డులో కొన్నాళ్లు ఆగి, మరో నౌక ఎక్కి వెళ్లిపోతాయి. అలా నౌక మారే ప్రతి కంటైనర్ దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు మరోసారి రేవు లెక్కలోకి వస్తుంది. కాబట్టి రేవు ఎంత సరుకు నిర్వహించింది అన్న అంకె, ఆ రేవు నుంచి ఎక్కడెక్కడికి ఎంత సులువుగా వెళ్లవచ్చు అన్న ప్రశ్నకు జవాబు కాదు.

ఈ రెండో ప్రశ్ననే అనుసంధానం అంటారు. ఎగుమతిదారుకు అది రవాణా ఖర్చు, సరుకు చేరే గడువు. ప్రభుత్వానికి అది కొత్త బెర్తుల మీద, అంటే రేవులో నౌకలు ఆగే చోట్ల మీద, పెట్టుబడి పెట్టాలా వద్దా అన్న నిర్ణయం. అందుకే దాన్ని కొలవడానికి గత రెండు దశాబ్దాలలో అనేక సూచీలు పుట్టాయి. వాటిలో ఏదీ తప్పు కాదు, కానీ ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతుంది. ఏ ప్రశ్నకు చెప్పిన జవాబో చూడకుండా ర్యాంకును మాత్రం పట్టుకుని మాట్లాడటం వల్లనే చాలా గందరగోళం పుడుతోంది.

కొలిచే ముందు, కొలవవలసినది ఏమిటో చూడాలి. ముడి చమురు, బొగ్గు వంటి సరుకుల కోసం నౌకను మొత్తంగా అద్దెకు తీసుకుంటారు. సరుకు ఎక్కడుంటే నౌక అక్కడికి వెళ్తుంది. కంటైనర్ నౌకలు అలా నడవవు. అవి ముందుగా ప్రకటించిన రేవుల వరుసలో, ముందుగా ప్రకటించిన రోజున, సరుకు నిండినా నిండకపోయినా తిరుగుతూ ఉంటాయి. దీన్ని లైనర్ సర్వీసు అంటారు. అది తాకే రేవుల వరుసను రొటేషన్ అంటారు. చాలా సర్వీసులు వారానికి ఒకసారి నడుస్తాయి. రొటేషన్ మొత్తం పూర్తి కావడానికి 84 రోజులు పడితే, ప్రతి రేవుకు వారానికి ఒక నౌక చొప్పున రావడానికి పన్నెండు నౌకలు కావాలి. ఈ చిన్న భాగహారం మీదే మొత్తం వ్యవస్థ నిలబడి ఉంది.

ఆరు అంశాల సూచీ

ఈ రంగంలో అందరూ ముందుగా ఉదహరించేది ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ, అంటే అంక్టాడ్, 2004లో మొదలుపెట్టిన లైనర్ షిప్పింగ్ అనుసంధాన సూచీ. మొదట్లో అది దేశాలకే పరిమితం. అందులో ఐదు అంశాలుండేవి. 2019లో దానికి ఆరో అంశాన్ని చేర్చి, రేవుల స్థాయిలో కూడా విడిగా సూచీ ప్రకటించడం మొదలుపెట్టారు. వివరాలను ఎండీఎస్ ట్రాన్స్‌మోడల్ అనే సంస్థ, నౌకా సంస్థలు ప్రకటించే షెడ్యూళ్ల నుంచి సేకరిస్తుంది.

రేవుల సూచీలో చూసే అంశాలు ఇవి: వారానికి ఎన్నిసార్లు నౌకలు వస్తాయి, ఏడాదికి ఆ నౌకలన్నీ కలిసి ఇచ్చే సామర్థ్యం ఎన్ని టీఈయూలు, ఎన్ని సర్వీసులు ఉన్నాయి, ఎన్ని సంస్థలు సేవలందిస్తున్నాయి, సగటున అతి పెద్ద నౌకలు నడిపే సర్వీసులో ఆ నౌకల పరిమాణమెంత, నౌక మారకుండా నేరుగా ఎన్ని ఇతర రేవులకు చేరవచ్చు. ఒక్కో అంశాన్నీ ఒక ప్రామాణిక విలువతో భాగించి, వచ్చిన ఆరు నిష్పత్తుల సగటు తీస్తారు. ఆ ప్రామాణిక విలువ కాలక్రమంలో మారింది. మొదట్లో అత్యధిక స్కోరు సాధించిన దేశాన్ని 100గా పెట్టుకునేవారు. తాజా పద్ధతిలో 2023 తొలి త్రైమాసికపు సగటును 100గా తీసుకుంటున్నారు. అందువల్ల పాత వరుసలోని అంకెను కొత్త వరుసలోని అంకెతో నేరుగా పోల్చకూడదు. పాత పద్ధతిలో 60 అంటే శిఖరానికి ఎంత దూరంలో ఉన్నామన్నది; కొత్త పద్ధతిలో 60 అంటే సగటుకు ఎంత తక్కువగా ఉన్నామన్నది. వార్తల్లో ఈ రెంటినీ కలిపి ఒకే గ్రాఫుగా గీసినప్పుడు చదువరులు జాగ్రత్తపడాలి.

ఈ సూచీ గొప్పతనం దాని సరళతలో ఉంది. ఒక్కో అంశమూ వాస్తవమైన అవసరాన్ని చూపుతుంది. నౌకల సంఖ్య ఎక్కువైతే సరుకు రేవులో ఎదురుచూసే రోజులు తగ్గుతాయి. నౌక పెద్దదైతే ఒక్కో కంటైనర్‌కు అయ్యే ఖర్చు తగ్గుతుంది. సంస్థలు ఎక్కువైతే చార్జీల మీద పోటీ ఉంటుంది. అయితే ఆరింటికీ సమాన బరువు ఇచ్చి సగటు తీసినప్పుడు, ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరొకదానిలో వచ్చిన లాభం కప్పేయగలదు. దీన్ని ఒక ఊహాత్మక రేవు లెక్కతో చూపడం మంచిది.

ఒక రేవుకు వారానికి పది సర్వీసులు వస్తున్నాయనుకుందాం. ఒక్కో సర్వీసు వారానికి ఒకసారి, సగటున 4,000 టీఈయూల నౌకతో నడుస్తోంది. ఎనిమిది సంస్థలున్నాయి. పెద్ద సర్వీసులోని నౌకలు 6,000 టీఈయూలవి. నేరుగా చేరగల రేవులు నలభై. ఏడాది సామర్థ్యం 20.8 లక్షల టీఈయూలు. ఆరు అంశాల్లోనూ ఈ రేవు సరిగ్గా సగటు దగ్గరే ఉందనుకుంటే దాని స్కోరు 100. కొన్నేళ్ల తర్వాత సంస్థలు విలీనమై, పెద్ద నౌకలు తెచ్చి, సర్వీసులను కుదించాయి. ఇప్పుడు సర్వీసులు ఎనిమిది, సంస్థలు ఆరు, సగటు నౌక 6,000 టీఈయూలు, అతి పెద్ద సర్వీసులోని నౌకలు 9,000 టీఈయూలు, నేరుగా చేరే రేవులు మునుపటిలాగే నలభై. ఏడాది సామర్థ్యం 24.96 లక్షలకు పెరిగింది. నిష్పత్తులు వరుసగా చూస్తే నౌకల రాకపోకలు 0.8, సామర్థ్యం 1.2, సర్వీసులు 0.8, సంస్థలు 0.75, పెద్ద నౌక 1.5, నేరు రేవులు 1. వీటి సగటు 1.008. స్కోరు 100 నుంచి దాదాపు 101 అయింది.

సూచీ ప్రకారం ఏమీ జరగలేదు. ఇంకా చెప్పాలంటే కొంచెం మెరుగైంది. కానీ ఆ రేవు మీద ఆధారపడిన చిన్న ఎగుమతిదారుకు వారానికి పది అవకాశాలుండగా ఎనిమిది మిగిలాయి, బేరమాడటానికి ఎనిమిది సంస్థలుండగా ఆరు మిగిలాయి. ఇది ఊహాత్మక లెక్కే అయినా, 2006 నుంచి వచ్చిన మార్పు మొత్తం మీద ఈ దిశలోనే సాగిందని అంక్టాడ్ వార్షిక నివేదికలే చూపుతూ వచ్చాయి. నౌకల పరిమాణం పెరుగుతూ పోయింది. సగటు దేశానికి సేవలందించే సంస్థల సంఖ్య తగ్గుతూ వచ్చింది. అందువల్ల సూచీని ఆరు అంశాలుగా విప్పి చదవడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. మొత్తం స్కోరు ఒక్కటే చెప్పి ఊరుకునే నివేదిక సగం సమాచారాన్ని దాచినట్టే.

సంస్థల లెక్కలో మరో చిక్కు ఉంది. పెద్ద నౌకా సంస్థలు కూటములుగా ఏర్పడి ఒకదాని నౌకల్లో మరొకటి చోటు పంచుకుంటాయి. ఒకే నౌక మీద మూడు సంస్థల కంటైనర్లు వెళ్తాయి. మూడు సంస్థలూ తమ తమ పేర్లతో ఆ సర్వీసును అమ్ముకుంటాయి. చార్జీ విషయంలో అవి పోటీ పడవచ్చు. కానీ నౌక ఆలస్యమైతే ముగ్గురి సరుకూ ఆలస్యమవుతుంది. ఆ రేవును రొటేషన్ నుంచి తొలగిస్తే మూడు సంస్థలూ ఒకేసారి అదృశ్యమవుతాయి. సంస్థలను లెక్కించేటప్పుడు నౌకలు నడిపేవారిని మాత్రమే లెక్కించామా, చోటు కొనుక్కున్నవారిని కూడా లెక్కించామా అన్నది ఫలితాన్ని చాలా మార్చేస్తుంది.

గీతలు ఎలా గీయాలి?

ఆరు అంశాల సూచీ రేవు గట్టు మీద నిలబడి చూసినట్టుగా ఉంటుంది: ఇక్కడికి ఏమేమి వస్తున్నాయి? రెండో తరహా కొలతలు పై నుంచి మొత్తం వలను చూస్తాయి. రేవులను చుక్కలుగా, సర్వీసులను వాటిని కలిపే గీతలుగా భావించి గణితంలోని గ్రాఫ్ సిద్ధాంతాన్ని వాడతాయి. ఒక చుక్కకు ఎన్ని గీతలున్నాయి, ఇతర చుక్కల మధ్య దగ్గరి దారులలో ఎన్ని ఈ చుక్క గుండా పోతాయి, మిగతా అన్నింటికీ ఇది సగటున ఎంత దగ్గర అన్న విలువలను లెక్కిస్తారు. వినడానికి నిర్వివాదంగా కనిపించే ఈ పద్ధతిలో అసలు వివాదం మొదటి అడుగులోనే ఉంది: గీత ఎక్కడ గీయాలి?

ఐదు రేవులను వరుసగా తాకే ఒక వారపు సర్వీసును తీసుకుందాం. రేవులకు క, చ, ట, త, ప అని పేర్లు పెట్టుకుందాం. నౌక క నుంచి చకు, అక్కడి నుంచి టకు, తకు, పకు వెళ్లి మళ్లీ కకు వస్తుంది. ఒక్కో మజిలీకి ఏడు రోజులు, మొత్తం 35 రోజులు, ఐదు నౌకలు. నౌక నిజంగా కదిలిన దారులకే గీతలు గీస్తే ఐదే గీతలు వస్తాయి. కానీ కంటైనర్ దృష్టితో చూస్తే, కలో ఎక్కిన పెట్టె నౌక మారకుండా మిగతా నాలుగు రేవులలో దేనికైనా చేరగలదు. ఆ లెక్కన ఒక్కో రేవుకు నాలుగు గమ్యాలు. దిశను కూడా పాటిస్తే మొత్తం 20 జంటలు. పరిశోధకులు మొదటి పద్ధతిని ఎల్-స్పేస్ అని, రెండోదాన్ని పీ-స్పేస్ అని పిలుస్తారు. నౌకల రద్దీనీ, జలసంధులలో ప్రమాదాన్నీ అంచనా వేయడానికి మొదటిది పనికొస్తుంది. సరుకు చేరవేతను అర్థం చేసుకోవడానికి రెండోదే దగ్గర. ఒకే సర్వీసు ఒక పద్ధతిలో ఐదు, మరో పద్ధతిలో ఇరవై అయినప్పుడు, ఏ పద్ధతి వాడారో చెప్పకుండా ఫలానా రేవు వలకు కేంద్రమని ప్రకటించడం అర్థం లేని పని.

పై ఉదాహరణలోనే ఇంకో సంగతి ఉంది. క నుంచి చకు ఏడు రోజులు. చ నుంచి కకు మాత్రం నౌక ట, త, పలను చుట్టి రావాలి కాబట్టి 28 రోజులు. రెండింటినీ నేరు అనుసంధానమనే లెక్కలో వేస్తారు. నౌక మారనవసరం లేదు కనుక నిర్వచనం ప్రకారం అది సరైనదే. పూలో పండ్లో పంపేవారికి అది అనుసంధానం కాదు. దిశ పట్టించుకోని ఏ కొలతా ఈ తేడాను చూడలేదు.

పీ-స్పేస్ గీతల్లో కొన్ని కాగితం మీదే ఉంటాయి. అమెరికాలో 1920 నాటి జోన్స్ చట్టం ప్రకారం, ఆ దేశంలోని రెండు రేవుల మధ్య సరుకును తీసుకెళ్లే నౌక అమెరికాలో నిర్మించినదై, అమెరికా జెండా కిందే నడవాలి. ఆసియా నుంచి వచ్చిన విదేశీ నౌక లాస్ ఏంజెలెస్‌లో ఆగి, తర్వాత ఓక్లాండ్‌లో ఆగి తిరిగి వెళ్తుంది. ఆ రెండు రేవులూ ఒకే సర్వీసు మీద ఉన్నాయి. అయినా మొదటి రేవులో ఎక్కించిన దేశీయ సరుకును ఆ నౌక రెండో రేవులో దించడానికి చట్టం ఒప్పుకోదు. షెడ్యూళ్లను కంప్యూటర్‌కు అప్పగించి గీతలు గీయించినవారికి ఈ జంట కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

వలలో రేవుకున్న స్థానాన్ని పట్టించుకునే సూచీలలో గమనించదగినది, జాన్ బార్తోల్డీ, పిసిత్ జరుమనీరోజ్, అమర్ రాముదీన్ 2016లో ప్రతిపాదించిన కంటైనర్ రేవు అనుసంధాన సూచీ. వెబ్ పేజీల ప్రాముఖ్యాన్ని అంచనా వేయడానికి జాన్ క్లైన్‌బర్గ్ రూపొందించిన హిట్స్ అనే పద్ధతి దీనికి ఆధారం. ఇందులో ప్రతి రేవుకూ రెండు స్కోర్లుంటాయి. మంచి దిగుమతి స్థానాలకు సరుకు పంపగల రేవుకు ఎగుమతి స్కోరు పెరుగుతుంది. మంచి ఎగుమతి స్థానాల నుంచి సరుకు అందుకునే రేవుకు దిగుమతి స్కోరు పెరుగుతుంది. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన ఈ విలువలను నిలకడ వచ్చేదాకా మళ్లీ మళ్లీ లెక్కిస్తారు. ఎన్ని రేవులతో కలిశావన్నది ఒక్కటే కాకుండా, ఎలాంటి రేవులతో కలిశావన్నది కూడా ఇక్కడ ముఖ్యం. నాలుగు చిన్న రేవులకు నేరు సర్వీసులున్న రేవు, రెండు మహా కేంద్రాలకు సర్వీసులున్న రేవు కంటే ఆరు అంశాల సూచీలోని నేరు రేవుల లెక్కలో ముందుండవచ్చు, ఇక్కడ వెనుకబడవచ్చు. దిగుమతి, ఎగుమతి స్కోర్లను వేరు చేయడం ఈ పద్ధతిలోని పెద్ద బలం. దాని బలహీనత అర్థమయ్యే తీరులో ఉంది: స్కోరు ఎందుకు తగ్గిందని మంత్రిత్వ శాఖ అధికారి అడిగితే, వేల సముద్రపు మైళ్ల అవతల మరో రేవు స్కోరు మారింది కాబట్టి అని చెప్పవలసి వస్తుంది.

నౌక మారడంలో పోయే రోజులు

ప్రపంచంలోని రేవుల జంటలలో నేరు సర్వీసు ఉన్నవి చాలా తక్కువ. అంక్టాడ్ ఒక విశ్లేషణలో 939 రేవులను తీసుకుంది. వాటి మధ్య సుమారు 4 లక్షల 40 వేల జంటలు సాధ్యం. నేరు సర్వీసు ఉన్న జంటలు సుమారు 3 శాతం. మిగతా జంటల మధ్య సరుకు కనీసం ఒకసారి నౌక మారవలసిందే. ఇలా సరుకు నౌక మారడాన్ని ట్రాన్స్‌షిప్‌మెంట్ అంటారు. అంటే అనుసంధానం అనేది చాలావరకు ట్రాన్స్‌షిప్‌మెంట్ ఎంత బాగా జరుగుతుందన్న ప్రశ్నే.

బంగ్లాదేశ్‌లోని చట్టోగ్రామ్ రేవు దీనికి మంచి ఉదాహరణ. అది కర్ణఫులి నది మీద ఉంది; నదిలో లోతు తక్కువ; ఆటుపోట్లను బట్టి నౌకలు లోపలికి వస్తాయి. ప్రపంచపు పెద్ద కంటైనర్ నౌకలు అక్కడికి రాలేవు. అందువల్ల దుస్తుల కంటైనర్లు చిన్న ఫీడర్ నౌకల్లో కొలంబో, సింగపూర్, పోర్ట్ క్లాంగ్ వంటి కేంద్రాలకు వెళ్లి, అక్కడ మదర్ వెసెల్ అనే పెద్ద నౌక ఎక్కి యూరప్‌కు పోతాయి. 2022లో చట్టోగ్రామ్ నుంచి ఇటలీలోని రవెన్నాకు చిన్న నౌకలతోనే నేరు సర్వీసు మొదలైనప్పుడు ఎగుమతిదారులు దాన్ని అంతగా ఆహ్వానించారంటే కారణం నౌక పరిమాణం కాదు. మధ్యలో దింపి ఎక్కించే పని తప్పడం.

ఆ పనిలో పోయే సమయాన్ని లెక్క వేయడం కష్టం కాదు. వారానికి ఒక నౌక మాత్రమే బయలుదేరే సర్వీసు కోసం, దాంతో పొంతన లేని రోజున వచ్చిన కంటైనర్ సగటున మూడున్నర రోజులు ఆగుతుంది. రెండుచోట్ల నౌక మారితే సగటున వారం. బయలుదేరే నౌకలు వారానికి రెండుంటే, అవి సమాన వ్యవధిలో ఉంటే, నిరీక్షణ సగానికి తగ్గుతుంది. ఇది సగటు మాత్రమే. ఫీడర్ నౌక రావడానికి, మదర్ వెసెల్ బయలుదేరడానికి మధ్య రెండు రోజుల గడువు పెట్టుకున్నారనుకుందాం. ఫీడర్ మూడు రోజులు ఆలస్యమైతే కంటైనర్ మూడు రోజులు కాదు, ఏడు రోజులు ఆలస్యమవుతుంది. తర్వాతి వారం నౌక వచ్చేదాకా అది యార్డులోనే ఉంటుంది. ఆ నౌక కూడా నిండి ఉంటే ఇంకో వారం.

ఇక్కడ మరో నిజాన్ని చాలా కొలతలు వదిలేస్తాయి. కంటైనర్ సాధారణంగా ఒకే సంస్థ లేదా ఒకే కూటమి సర్వీసుల మధ్యనే నౌక మారుతుంది. మ్యాప్ మీద ఒక సంస్థ ఫీడర్ పక్కనే మరో సంస్థ మదర్ వెసెల్ ఆగి ఉండవచ్చు. వాటి మధ్య గీత గీయడం కంప్యూటర్‌కు సులువు. కానీ ఆ పెట్టెను ఒకరి నుంచి మరొకరు తీసుకోవడానికి ఒప్పందం ఉండాలి. పెద్ద కేంద్రాలలో వేర్వేరు కూటములు వేర్వేరు టెర్మినళ్లలో ఆగుతాయి కూడా. ప్రపంచ వలను ఒకే వలగా కాకుండా, కూటమికొక పొరగా గీసి చూస్తే, చాలా చిన్న రేవుల అనుసంధానం సూచీలు చెప్పేదానికంటే సన్నగా కనిపిస్తుంది. ఇలాంటి పొరల విశ్లేషణ ఇంకా విస్తృతంగా జరగవలసి ఉంది.

ట్రాన్స్‌షిప్‌మెంట్‌ను పట్టించుకున్న ముఖ్యమైన కొలత అంక్టాడ్ వారిదే అయిన ద్వైపాక్షిక సూచీ. అది ఒక దేశానికి కాకుండా దేశాల జంటకు స్కోరు ఇస్తుంది. ఒక చోటి నుంచి మరో చోటికి పోవడానికి ఎన్నిసార్లు నౌక మారాలి, ఇద్దరికీ ఉమ్మడిగా ఎన్ని నేరు సంబంధాలున్నాయి, దారిలో పోటీ ఎంత, దారిలోని బలహీనమైన అంచెలో పెద్ద నౌక ఎంత పెద్దది వంటి అంశాలను చూస్తుంది. మార్కో ఫుగాజా, జాన్ హోఫ్‌మన్ 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నేరు సముద్ర సంబంధం లేని దేశాల జంటలలో ఎగుమతుల విలువ 42 నుంచి 55 శాతం దాకా తక్కువగా ఉంటుంది. ఇది కేవలం కారణం-ఫలితం కాదు. వ్యాపారం ఎక్కువున్నచోటే నేరు సర్వీసు పెడతారు గనుక సంబంధం రెండు వైపులా పనిచేస్తుంది. అయినా ఆ తేడా పరిమాణం చూస్తే, సగటు స్కోరు కంటే జంటల వారీ లెక్క ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. ఎగుమతిదారుకు కావలసింది ప్రపంచంతో అనుసంధానం కాదు. తన కొనుగోలుదారు ఉన్న రేవుతో అనుసంధానం.

ఎర్ర సముద్రం నేర్పినది

2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో నౌకల మీద జరిగిన దాడుల వల్ల ఆసియా, యూరప్ మధ్య నడిచే కంటైనర్ నౌకలలో అధిక భాగం సూయజ్ కాలువను విడిచి ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి పోవడం మొదలుపెట్టాయి. సింగపూర్ నుంచి రోటర్‌డామ్‌కు దూరం సుమారు 3,400 సముద్రపు మైళ్లు పెరిగింది. 16 నాట్ల వేగంతో, అంటే గంటకు 16 సముద్రపు మైళ్లు వెళ్లే నౌకకు అది తొమ్మిది రోజుల అదనపు ప్రయాణం. రానుపోను 18 రోజులు. వారపు సర్వీసును నిలబెట్టడానికి ప్రతి సర్వీసులోనూ రెండు మూడు నౌకలు అదనంగా కావాలి. సంస్థలు ఆ నౌకలను తెచ్చాయి.

ఇప్పుడు ఆరు అంశాల సూచీని తిరిగి చూడండి. అదనపు నౌకలు తెచ్చి వారపు క్రమాన్ని నిలబెట్టిన సర్వీసులో వారానికి ఒక నౌక వచ్చేది, ఇప్పుడూ వస్తోంది. ఏడాది సామర్థ్యం అంతే. సర్వీసులు, సంస్థలు, నౌక పరిమాణం, నేరు రేవులు అన్నీ అంతే. స్కోరు కదలకపోవచ్చు. కంటైనర్ మాత్రం తొమ్మిది రోజులు ఆలస్యంగా చేరుతోంది. సూచీలో దోషం ఉండి ఇలా జరగలేదు; అందులో సమయం అనే అంశమే లేదు కాబట్టి జరిగింది. సూయజ్ మీద ఆధారపడిన తూర్పు మధ్యధరా రేవుల సంగతి వేరు. పక్కదారి పట్టిన నౌకలు కొన్ని ఆ రేవులను వదిలేశాయి. అలాంటిచోట స్కోరు కదలిక కనిపిస్తుంది. ఒకే సంఘటన ఒకచోట సూచీకి కనిపించి, మరోచోట కనిపించకపోవడం గమనించదగిన విషయం.

సమయాన్ని కొలిచే సూచీ వేరే ఉంది, కానీ అది మరో సమయాన్ని కొలుస్తుంది. ప్రపంచ బ్యాంకు 2021 నుంచి ప్రకటిస్తున్న కంటైనర్ రేవుల పనితీరు సూచీ, నౌక రేవులో ఎంతసేపు గడిపిందో చూస్తుంది. అది రేవు పని వేగానికి కొలత. వారానికి ఒక్క నౌక వచ్చి, దాన్ని చకచకా పంపేసే రేవు అందులో పైన ఉండవచ్చు; అక్కడి నుంచి ఎక్కడికి పోవాలన్నా రెండు చోట్ల నౌక మారవలసి రావచ్చు. రెండు సూచీలనూ ఒకటిగా భావించి ఒక రేవు ప్రపంచంలో ఫలానా స్థానంలో ఉందని చెప్పే ప్రకటనలు తరచుగా కనిపిస్తాయి. అందుకే ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది.

షెడ్యూలు చెప్పింది, నౌక చేసింది

ఇప్పటిదాకా చెప్పిన కొలతలు ఎక్కువగా ప్రకటించిన షెడ్యూళ్ల మీద ఆధారపడినవి. షెడ్యూలు ఒక వాగ్దానం. గిరాకీ తగ్గినప్పుడు సంస్థలు ఒక వారం నౌకను పూర్తిగా రద్దు చేస్తాయి. దీన్ని బ్లాంక్ సెయిలింగ్ అంటారు. వెనుకబడిన నౌక సమయం కలిసొస్తుందని ఒకటి రెండు రేవులను దాటవేస్తుంది. 2022 మొదట్లో, కోవిడ్ తర్వాతి రద్దీ తీవ్రంగా ఉన్నప్పుడు, ప్రపంచవ్యాప్తంగా కంటైనర్ నౌకలలో సమయానికి చేరినవి మూడింట ఒక వంతు మాత్రమే. ఆ సమయంలో కాగితం మీది వారపు సర్వీసు, వాస్తవంలో పది పన్నెండు రోజులకొకసారి వచ్చే సర్వీసుగా మారిన రేవులున్నాయి.

దీనికి పరిష్కారంగా నౌకల నుంచి వచ్చే ఏఐఎస్ సంకేతాలను వాడుతున్నారు. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 గ్రాస్ టన్నేజీ, అంతకు మించిన నౌకలన్నీ తమ స్థానాన్ని ప్రసారం చేసే ఈ పరికరాన్ని కలిగి ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. వాటి ఆధారంగా ఏ నౌక ఏ రేవుకు ఎప్పుడు వచ్చిందో నిక్కచ్చిగా తెలుస్తుంది. కానీ నౌక ఏ సర్వీసులో నడుస్తోందో, దాని మీద ఏయే సంస్థల చోటు ఉందో, ఆ రేవులో ఎన్ని పెట్టెలు దించిందో సంకేతాలు చెప్పవు. ఇంధనం కోసం ఆగిందా, సరుకు కోసం ఆగిందా అన్నది కూడా ఊహించుకోవలసిందే. షెడ్యూలు ఉద్దేశాన్ని చెబుతుంది, ఏఐఎస్ జరిగినదాన్ని చెబుతుంది. రెండింటి మధ్య తేడాయే అనుసంధానపు నాణ్యతకు మంచి కొలత అవుతుందని నేను అనుకుంటున్నాను.

2025 ఫిబ్రవరిలో మెర్స్క్, హపాగ్-లాయిడ్ సంస్థలు కలిసి మొదలుపెట్టిన జెమిని సహకార వ్యవస్థ ఈ ప్రశ్నను మరింత పదునుగా ముందుకు తెచ్చింది. పెద్ద నౌకలు ఆగే రేవులను తగ్గించి, కొద్ది కేంద్రాలకే వాటిని పంపి, మిగతా రేవులను షటిల్ నౌకలతో కలపడం ఆ వ్యవస్థ పద్ధతి. 90 శాతానికి పైగా సమయపాలన దాని లక్ష్యం. మదర్ వెసెల్ ఆగడం మానేసిన రేవుకు నేరు రేవుల సంఖ్య, పెద్ద నౌక పరిమాణం రెండూ తగ్గుతాయి కాబట్టి స్కోరు పడిపోతుంది. అదే రేవులోని ఎగుమతిదారుకు సరుకు చెప్పిన రోజున చేరడం మొదలైతే, అతను అనుసంధానం మెరుగైందనే అంటాడు. దుకాణాల్లో పండుగ అమ్మకాలకు సరుకు పంపేవారికీ, ధర మీదే బతికే పత్తి ఎగుమతిదారుకూ ఈ రెండింటిలో ఏది ముఖ్యమో ఒకేలా ఉండదు.

చివరిగా ఒక కొలత గురించి చెప్పాలి. సూచీల పట్టికల్లో అది అరుదుగా కనిపిస్తుంది. ఒక రేవు నుంచి ఒక్క సర్వీసును, లేదా ఒక్క సంస్థను తొలగించి, మిగిలిన వాటితో అదే లెక్కను మళ్లీ చేయడం. 2016 ఆగస్టు 31న దక్షిణ కొరియాకు చెందిన హంజిన్ షిప్పింగ్ దివాలా రక్షణకు దరఖాస్తు చేసినప్పుడు, చార్జీలు ఎవరు చెల్లిస్తారో తెలియక అనేక రేవులు దాని నౌకలను లోపలికి రానివ్వలేదు. సరుకుతో సహా అవి సముద్రంలోనే ఆగిపోయాయి. సర్వీసులు, సంస్థలు పదుల సంఖ్యలో ఉన్న రేవులు వారాల్లో సర్దుకున్నాయి. ఒకటి రెండు సంస్థల మీదే బతికే రేవులకు అలాంటి వెసులుబాటు ఉండదు. పసిఫిక్ ద్వీప దేశాలలో కొన్నింటికి ఒక్క సర్వీసు పోతే నెలల పాటు ప్రత్యామ్నాయం దొరకని పరిస్థితి. రెండు రేవులకు ఒకే స్కోరు ఉండవచ్చు. ఒకదాని సర్వీసులన్నీ ఒకే కూటమివి, ఒకే కేంద్రానికి పోయేవి కావచ్చు, మరొకదానివి నాలుగు వైపులకు పోయే నాలుగు వేర్వేరు సంస్థలవి కావచ్చు. అతి ముఖ్యమైన సర్వీసును తీసేస్తే నేరు రేవులు నలభై నుంచి పన్నెండుకు పడిపోయే రేవునూ, నలభై నుంచి ముప్పై ఐదుకు మాత్రమే తగ్గే రేవునూ ఒకే వరుసలో నిలబెట్టే పట్టిక ఎంత జాగ్రత్తగా తయారైనా, పెట్టుబడి నిర్ణయానికి చాలదు. ఈ లెక్కకు కొత్త సమాచారం అక్కర్లేదు. ఇప్పటికే సేకరిస్తున్న షెడ్యూళ్లు చాలు. ప్రతి త్రైమాసిక స్కోరు పక్కనే దీన్ని కూడా ప్రచురించడం మొదలుపెట్టవచ్చు.